తెరలు కొన్నారు, ఉపాధ్యాయుణ్ణి మరిచారు

ప్రతి ఏటా నవంబరు 11న మౌలానా అబుల్ కలాం ఆజాద్ జయంతిని జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ అదే రోజు మైనార్టీల సంక్షేమ దినోత్సవం కూడా. సభలు జరుగుతాయి, శాలువాలు కప్పుతారు, దేశ ప్రథమ విద్యామంత్రి సేవలను కొనియాడుతారు. ఇటీవలి సంవత్సరాలలో ఈ సభలకు ఒక కొత్త అలంకారం తోడయింది. ఏదో ఒక పాఠశాలలో పెద్ద తెరకు కట్టిన రిబ్బను కత్తిరించి, డిజిటల్ తరగతి ప్రారంభమైందని ప్రకటించి, వరుసగా నిలబడి ఫొటోలు దిగడం. మరునాడు ఉదయం ఆ గదిలోకి వెళ్ళి పాఠం చెప్పవలసిన ఉపాధ్యాయిని మాత్రం ఆ వేదిక మీద కనిపించరు. ఆమెకు ఆ తెర వాడకం ఎవరు నేర్పారు, ఏ భాషలో నేర్పారు, ఎన్ని గంటలు నేర్పారు అని అడిగిన వక్తను మేము ఇంతవరకు చూడలేదు.

ఈ ప్రశ్న చిన్నదని కొందరు మిత్రులు మాతో అన్నారు. మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022లో నిలిపివేశారు, ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌ను తొమ్మిది, పది తరగతులకే పరిమితం చేశారు, ఇంత జరుగుతుండగా ఉపాధ్యాయులకు తెరలు వాడటం రాలేదని వాపోవడమేమిటని వారి ఆక్షేపణ. మా సమాధానం ఇది. స్కాలర్‌షిప్ పోతే పోయిందని ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. వినతిపత్రం ఇస్తాము, కలెక్టరేటు ముందు కూర్చుంటాము. పాఠం పోతే ఎవరికీ తెలియదు. గదిలో తెర వెలుగుతూనే ఉంటుంది, హాజరు పడుతూనే ఉంటుంది, పిల్లవాడు ఒక తరగతి నుండి మరో తరగతికి పోతూనే ఉంటాడు. పదో తరగతి గణితం పరీక్ష దగ్గర పడినప్పుడు అతనికి భిన్నాలే రావని బయటపడుతుంది. అప్పుడు ఎవరిని నిలదీస్తాము?

మన పిల్లలంతా మదర్సాలలోనే ఉన్నారని బయటివారు అనుకుంటారు. మనలోనూ కొందరు విద్య అనగానే మదర్సా గురించే మాట్లాడుతారు. బడి వయసు ముస్లిం పిల్లలలో మదర్సాలకు వెళ్ళేవారు నాలుగు శాతానికి మించరని సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. చదువుకుంటున్న మిగిలిన పిల్లలంతా ప్రభుత్వ పాఠశాలలలో, గురుకులాలలో, గల్లీల్లోని చిన్న ప్రైవేటు బడులలో ఉన్నారు. కనుక ప్రభుత్వ ఉపాధ్యాయుని శిక్షణ మనకు పరాయి విషయం కాదు. మన బిడ్డల భవిష్యత్తులో అధిక భాగం ఆ శిక్షణ మీదనే ఆధారపడి ఉంది.

మేము ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళ మధ్య గడిపినవారము. ప్రభుత్వం వస్తువునెందుకు కొంటుందో, మనిషికెందుకు నేర్పదో మాకు కొంత తెలుసు. వస్తువు కొనడానికి ఒక రాజమార్గం ఉంది. ఇండెంటు, టెండరు, సరఫరా, స్టాకు రిజిస్టరులో నమోదు, బిల్లు, చివరగా వినియోగ ధ్రువీకరణ పత్రం. ఆ పత్రం పైకి వెళ్ళిన రోజున ఫైలు మూతపడుతుంది. ఆ వస్తువుతో ఒక్క పిల్లవాడికైనా ఒక్క పాఠమైనా అర్థమైందా అన్నది ఆ ఫైలుకు సంబంధించిన సంగతి కాదు. ఆడిట్ వారు వచ్చినా వస్తువును లెక్కపెడతారు, దాని మీద అంటించిన నంబరును రిజిస్టరుతో సరిచూస్తారు, వెళ్ళిపోతారు. ఉపాధ్యాయుని నేర్పుకు నంబరు అంటించలేరు కదా. ప్రతి ఏటా పాఠశాలలు నింపే యు-డైస్ ఫారంలో కంప్యూటర్లు ఎన్ని, ప్రొజెక్టర్లు ఎన్ని, పని చేసేవి ఎన్ని అని వరుసగా గడులు ఉంటాయి. ఉపాధ్యాయుని విషయంలో మాత్రం కంప్యూటరుతో బోధించడంలో శిక్షణ పొందారా అని ఒకే గడి. అవును లేదా కాదు. ఆరు గంటలు ఒక హాలులో కూర్చొని వచ్చినవారికీ అవును, ఏడాది పొడుగునా సాధన చేసినవారికీ అవును. ఆ ఒక్క అక్షరంతో రాష్ట్రస్థాయి నివేదిక తయారవుతుంది.

సమగ్ర శిక్ష నిబంధనలు చూడండి. కంప్యూటరు ల్యాబు పెట్టుకునే పాఠశాలకు ఒకసారి ఇచ్చే సొమ్ము 6.40 లక్షల రూపాయల వరకు. ఆపైన ఏటా 2.40 లక్షల వరకు, అదీ ఐదేళ్ళ పాటు. స్మార్ట్ తరగతి అయితే 2.40 లక్షలు, ఏటా నిర్వహణకు 38 వేలు. ఐదేళ్ళు పూర్తయిన తరువాత ఆ గదికి తాళం పడటం చాలా చోట్ల చూస్తున్నాము. బ్యాటరీలు పాడవుతాయి, బోధకుని కాంట్రాక్టు ముగుస్తుంది, తాళం చెవి ప్రధానోపాధ్యాయుని బీరువాలో ఉంటుంది. గదిలోకి వెళ్ళి ఏదైనా చెడిపోతే స్టాకు రిజిస్టరు తన మెడకు చుట్టుకుంటుందని ఆయన భయం. ఆ భయాన్ని మేము ఎగతాళి చేయము. వస్తువు పోతే జీతంలో రికవరీ పెట్టే వ్యవస్థ, పాఠం పోతే ఏమీ అనని వ్యవస్థ, అతనికి అదే నేర్పింది.

ఉపాధ్యాయుణ్ణి సిద్ధం చేయడం ఈ దేశానికి చేతకాని పనా అంటే, కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఇస్రో సంస్థ అమెరికా ఉపగ్రహం సహాయంతో ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు పంపింది. సైట్ అని పేరుపడిన ఆ ప్రయోగంలో మన తెలుగు పల్లెలు కూడా ఉన్నాయి. కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్ ప్రాంతాలలోని పెద్దలు కొందరికి పంచాయతీ ఆవరణలో పెట్టిన ఆ టీవీ పెట్టె ఇంకా గుర్తుండవచ్చు. ఆ ఏడాదిలోనే రెండు విడతలుగా, పన్నెండేసి రోజుల చొప్పున, దాదాపు 50,000 మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్రం, గణితం బోధించడంలో శిక్షణ ఇచ్చారు. టీవీ ఒక్కదానితో సరిపెట్టలేదు. రేడియో ఉంది, అచ్చు పుస్తకాలు ఉన్నాయి, చేతితో చేసే ప్రయోగాలు ఉన్నాయి, పక్కన కూర్చొని నడిపించే మార్గదర్శి ఉన్నాడు. కరెంటు లేని ఊళ్ళలో బ్యాటరీల మీద టీవీలు నడిపిన దేశం, యాభై ఏళ్ళ క్రితం, పన్నెండు రోజుల సమయం కేటాయించగలిగింది.

ఇప్పుడు? 2019లో కేంద్ర ప్రభుత్వం నిష్ఠ పేరుతో ఉపాధ్యాయ శిక్షణ ప్రారంభించింది. మొదట ముఖాముఖి ఐదు రోజులు. కోవిడ్ రాగానే 2020 అక్టోబరు నుండి దీక్ష పోర్టల్‌లో 18 మాడ్యూళ్ళుగా మారింది. ఇంటిపని ముగించుకొని రాత్రి పదకొండు గంటలకు ఫోను గోడకు ఆనించి వీడియో నడిపి, చివర ప్రశ్నలకు జవాబులు నొక్కి, సర్టిఫికెట్ దించుకున్న ఉపాధ్యాయినులు మాకు ఎందరో తెలుసు. వారిది తప్పు అని మేము అనము. ఆ శిక్షణలో వారు ఏ తెరను ముట్టుకున్నారు? ఏ పిల్లవాడి ముందు పాఠం చెప్పి చూపించారు? వారు చెప్పినదాన్ని చూసి, ఇక్కడ ఇలా మార్చుకోండి అని చెప్పిన మనిషి ఎవరు? ఎవరూ లేరు.

2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం విద్యార్థులకు 4,59,564, ఉపాధ్యాయులకు 59,176. ఉపాధ్యాయునికి కూడా ఒకటి ఇవ్వాలని తోచినందుకు మేము సంతోషించాము. నాడు-నేడు పాఠశాలలలో వేలాది తరగతి గదులకు పెద్ద ఇంటరాక్టివ్ తెరలు కూడా వచ్చాయి. ట్యాబ్‌లలోని పాఠాలు బైజూస్ సంస్థవి. 2024 జూలైలో ఆ సంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలయింది. పాఠాన్ని ఒక కంపెనీకి అప్పగిస్తే, ఆ కంపెనీ గతి పట్టినప్పుడు పిల్లవాడి చేతిలో ఏమి మిగులుతుంది? ఉపాధ్యాయునికి నేర్పి ఉంటే ఆయన పదవీ విరమణ వరకు, ముప్పై ఏళ్ళ పాటు, ఆ నేర్పు ఆ బడిలోనే ఉండేది. ఇది ఒక పార్టీ మీద విమర్శ అని ఎవరూ అనుకోవద్దు. ప్రభుత్వాలు మారాయి, వస్తువు పేరు మారింది. 1984-85లో క్లాస్ పథకం కింద పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంచిన నాటి నుండి నేటి కృత్రిమ మేధ ప్రకటనల వరకు వరుస ఒకటే. ముందు పెట్టె, తరువాత పత్రికా ప్రకటన, ఉపాధ్యాయుడు ఎప్పుడో.

బయటి దేశాలదీ ఇదే అనుభవం. పెరూ ప్రభుత్వం ఎనిమిదిన్నర లక్షల ల్యాప్‌టాప్‌లు పిల్లలకు పంచింది. 2012లో ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు పరిశోధకులు కొలిచి చూస్తే గణితంలో గాని, భాషలో గాని మార్కులు పెరిగిన జాడ లేదు. మన గుజరాత్‌లో జ్ఞానశాల కేంద్రాలలో లీ లిండెన్ అనే పరిశోధకుడు చేసిన అధ్యయనం ఇంకా ఆలోచింపజేసేది. బాగా నడుస్తున్న ఉపాధ్యాయుని తరగతిని తీసివేసి ఆ సమయంలో పిల్లలను కంప్యూటరు ముందు కూర్చోబెట్టినప్పుడు వారి చదువు వెనకబడింది. అదే కంప్యూటరును బడి వేళల తరువాత అదనపు సాధనగా వాడినప్పుడు లాభం కనిపించింది. యంత్రం అదే, పిల్లలు అటువంటివారే. ఉపాధ్యాయుని స్థానంలో పెట్టారా, ఉపాధ్యాయుని పక్కన పెట్టారా అన్నదే తేడా.

ఉపాధ్యాయునికి నేర్పడమంటే స్విచ్చి ఎక్కడుందో చూపడం అని అధికారులు అనుకుంటున్నారు. దీనిని కొంచెం వివరంగా చెప్పనివ్వండి. విద్యుత్ వలయం పాఠం తీసుకుందాము. ఫెట్ అనే ఉచిత ప్రయోగశాల ఒకటి ఉంది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారు తయారు చేసినది, అనేక భాషలలోకి వచ్చినది, ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకుండా కూడా నడుస్తుంది. తెర మీద బ్యాటరీ, తీగలు, బల్బు పెట్టి కలిపితే బల్బు వెలుగుతుంది, తీగలో ఎలక్ట్రాన్లు కదులుతూ కనిపిస్తాయి. స్విచ్చి మాత్రమే నేర్చుకున్న ఉపాధ్యాయుడు దాన్ని నడిపిస్తాడు, పిల్లలు సినిమా చూసినట్లు చూస్తారు, గంట కొడుతుంది.

సిద్ధపడిన ఉపాధ్యాయుడు అలా చేయడు. రెండు బల్బులు ఒకదాని వెనుక ఒకటి కలిపి, స్విచ్చి వేయకముందే తెర ఆపుతాడు. రెండింటిలో ఏది ఎక్కువ వెలుగుతుందో నోటుబుక్కులో రాయమంటాడు. సగం తరగతి మొదటి బల్బు అని రాస్తుంది. మొదటి బల్బు కొంత కరెంటు తినేస్తుంది, మిగిలినదే రెండోదానికి పోతుంది అని పిల్లల ఊహ. ఈ ఊహ మన బడులలోనే కాదు, ప్రపంచమంతటా పిల్లలలో ఉంటుందని విజ్ఞానశాస్త్ర బోధన తెలిసినవారికి తెలుసు. అప్పుడు స్విచ్చి వేస్తాడు. ఒకేరకం బల్బులు రెండూ ఒకేలా వెలుగుతాయి. తరగతిలో గోల లేస్తుంది. ఆ గోలలోనే పాఠం మొదలవుతుంది. తరువాత టార్చిలైటు సెల్లు, రెండు చిన్న బల్బులు, తీగ ముక్కలు బల్ల మీద పెట్టి, తెర అబద్ధం చెప్పిందేమో మీరే చూడండి అంటాడు. తెరను ఎక్కడ ఆపాలో, ఏమి అడగాలో, ఎప్పుడు ఆర్పివేయాలో అతనికి తెలుసు. విషయం తెలియాలి, దానిని పిల్లలకు చెప్పే పద్ధతి తెలియాలి, యంత్రం తెలియాలి, ఈ మూడూ ఒకే చోట కలవాలి అని పున్యా మిశ్రా, మాథ్యూ కోహ్లర్ అనే విద్యావేత్తలు 2006లోనే సూత్రీకరించారు. మన శిక్షణలు మూడోదాన్ని మాత్రమే, అదీ అరకొరగా, చూపి పంపుతున్నాయి. బీఈడీలో 2014 నిబంధనల నుండి ఈ విషయానికి ఒక పేపరు ఉంది. అది రికార్డు రాసి సంతకం పెట్టించుకునే పేపరుగా మిగిలిపోయిన కళాశాలలే ఎక్కువ.

ఇక ఉర్దూ మాధ్యమం సంగతి. ఇక్కడ నిర్లక్ష్యం రెట్టింపు. పిల్లవాడు ఇంట్లో మాట్లాడేది దక్కనీ. పుస్తకంలో ఉన్నది ప్రామాణిక ఉర్దూ. ఉపాధ్యాయినికి శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్ మాట్లాడేది తెలుగు. తెర మీద కనిపించేది ఇంగ్లీషు. ఈ నాలుగింటి మధ్య వంతెన కట్టే పని మొత్తం ఒక్క ఉపాధ్యాయిని నెత్తిన పెట్టి, ఆమెకు ఇచ్చే శిక్షణలో ఆ వంతెన ప్రస్తావనే లేకుండా చేస్తున్నారు. మా ప్రాంతంలో ఒక శిక్షణ తరగతికి వెళ్ళివచ్చిన ఉర్దూ ఉపాధ్యాయిని ఒకరు మాతో అన్నారు: "భాయిసాబ్, మూడు రోజులూ కూర్చున్నాను. ప్రశ్నాపత్రం తయారు చేయడం చూపించారు. ఉర్దూలో ఎలా చేయాలని అడిగితే, అది మీరే చూసుకోండి మేడమ్ అన్నారు."

మీరే చూసుకోండి అన్న ఆ మాట వెనుక ఎంత పని దాగి ఉందో ఆ రిసోర్స్ పర్సన్‌కు తెలియకపోవచ్చు. ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగుతుంది. మధ్యలో గణిత సమీకరణం వస్తే అది ఎడమ నుండి కుడికి. రెండూ ఒకే పంక్తిలో పడితే సాధారణ సాఫ్ట్‌వేర్‌లో అంకెలు, గుర్తులు స్థానాలు మారిపోతాయి. మన ఉపాధ్యాయులలో టైపు వచ్చినవారు చాలామంది ఇన్‌పేజ్‌లో నేర్చుకున్నవారు. పాత ఇన్‌పేజ్‌లో కొట్టినదాన్ని యూనికోడ్‌లోకి మార్చకపోతే వాట్సాప్‌లో గాని, తెర మీది బోర్డులో గాని అది చదవడానికి పనికిరాదు. నస్తాలీఖ్ ఫాంటు వేయకపోతే పిల్లలకు అలవాటులేని నస్ఖ్ అక్షరాలు కనిపిస్తాయి, చిన్న తరగతుల పిల్లలు తడబడతారు. ఇవన్నీ పరిష్కారం ఉన్న విషయాలే. ఉచిత నస్తాలీఖ్ ఫాంట్లు ఉన్నాయి, ఉచ్చారణను బట్టి కొట్టే కీబోర్డులు ఉన్నాయి, ఉర్దూలో మాట్లాడితే టైపు చేసే సదుపాయం ఫోనులోనే ఉంది. రెండు రోజులు కూర్చొని నేర్పితే వచ్చే విద్య. ఆ రెండు రోజులను ఏ జిల్లా శిక్షణ ప్రణాళికలో రాశారో చూపమని అడుగుతున్నాము.

తల్లిదండ్రులు ఇంట్లో ఒక పని చేయవచ్చు. పిల్లవాడి పాఠ్యపుస్తకంలో పాఠం పక్కన క్యూఆర్ కోడ్ ఉంటుంది. ఫోనుతో స్కాన్ చేయండి. ఉర్దూలో దొరికింది ఎంత, తెలుగులో, ఇంగ్లీషులో దొరికింది ఎంత, ఏమీ తెరుచుకోని కోడ్‌లు ఎన్ని అని ఒక కాగితం మీద గీతలు గీయండి. ఆ కాగితం పది ఉపన్యాసాలకంటె విలువైనది.

ఉర్దూ తెలంగాణలో 2017 నుండి రాష్ట్రవ్యాప్తంగా రెండో అధికార భాష. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుండి. రాజ్యాంగం 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించమంటున్నది. సౌకర్యం అంటే గోడలు, బెంచీలు మాత్రమే అని ఎవరైనా వాదించగలరా? తెర మీద పాఠం చెప్పడం రాష్ట్ర విధానమైనప్పుడు, ఆ పాఠం ఉర్దూలో చెప్పగల ఉపాధ్యాయుణ్ణి తయారు చేయడం కూడా ఆ సౌకర్యంలో భాగమే. హైదరాబాదులో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయుల వృత్తి అభివృద్ధికి ప్రత్యేక కేంద్రమే ఉంది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. వీటితో రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీలు శాశ్వత ఒప్పందం చేసుకొని, ప్రతి ఉర్దూ ఉపాధ్యాయుడికీ ఏటా శిక్షణ ఖాయం చేయడానికి కొత్త భవనం అక్కరలేదు, కొత్త చట్టం అక్కరలేదు. ఒక ఉత్తర్వు చాలు.

శిక్షణకు పంపుదామంటే బడిలో ఉన్నది ఒక్కరే టీచరు అని జవాబు వస్తుంది. ఇది నిజమే. ప్రతి డీఎస్సీలోనూ ఉర్దూ మాధ్యమంలో ఎస్సీ, ఎస్టీ రోస్టరు కింద వచ్చిన పోస్టులకు ఉర్దూ చదివిన అభ్యర్థులు లేక ఖాళీలు మిగిలిపోతున్నాయి. మేము రిజర్వేషన్లకు వ్యతిరేకులము కాము. ఆ వర్గాల వాటా ఒక్కటి కూడా తగ్గరాదు. ఆ పోస్టులను తెలుగు మాధ్యమంలో వారికే ఇచ్చి, అంతే సంఖ్యలో పోస్టులను ఉర్దూ మాధ్యమానికి మార్చుకునే ఏర్పాటు చేయమని మాత్రమే ఏళ్ళ తరబడి అడుగుతున్నాము. ఇద్దరికీ న్యాయం జరిగే మార్గం ఉండగా ఖాళీలను ఖాళీలుగానే ఉంచడం ఎవరి ప్రయోజనం కోసం?

పెద్ద వయసు ఉపాధ్యాయులు నేర్చుకోరు అనే మాట కూడా తరచు వినిపిస్తుంది. మాకు ఈ మాట వింటే నవ్వు వస్తుంది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ముఖం చూపి హాజరు వేసే యాప్ వచ్చింది. యాభై ఏడేళ్ళ ఉపాధ్యాయులు కూడా కొద్ది రోజులలోనే నేర్చుకున్నారు. మధ్యాహ్న భోజనం వివరాలు, మరుగుదొడ్ల ఫొటోలు, అన్నీ యాప్‌లలో ఎక్కించారు. తరువాతి ప్రభుత్వం వాటిని ఒకే యాప్‌గా కలిపినట్లు చెబుతున్నది, మంచిదే. నేర్చుకోలేనివారు అయితే ఇవన్నీ ఎలా చేశారు? తప్పక చేయవలసి వచ్చింది, ఎలా చేయాలో చూపేవారు మండలంలో ఉన్నారు, చేయకపోతే అడిగేవారు ఉన్నారు. ప్రభుత్వం తనకు కావలసినదాన్ని నేర్పింది. తనకు కావలసినది ఉపాధ్యాయుని మీద నిఘా; పిల్లవాడికి కావలసినది పాఠం. ఈ దేశంలో సగటు ఉపాధ్యాయునికి టెక్నాలజీ అనగానే పాఠం కాక హాజరు గుర్తుకు రావడానికి కారణం ఆయన వయసు కాదు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షను జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులకు ఉపాధ్యాయుణ్ణి వాడరాదన్నది. మరుగుదొడ్డి ఫొటో ఈ మూడింటిలో దేని కిందికి వస్తుందో మాకు బోధపడలేదు.

మన వైపు కూడా చూసుకోవాలి. మన పట్టణాలలో విద్యాసంస్థలు నడిపే ట్రస్టులు, అంజుమన్‌లు, గల్ఫ్ నుండి సొమ్ము పంపే దాతలు ఉన్నారు. వారి సహృదయతకు మేము నమస్కరిస్తున్నాము. అయితే దాత పేరు తెర అంచున చెక్కించవచ్చు, టీచరు బుర్రలో చెక్కించలేము. అందుకే లక్ష రూపాయల తెరకు దాత వెంటనే దొరుకుతాడు. పది మంది టీచర్లకు పది శనివారాలు శిక్షణ ఇప్పించి వారి దారి ఖర్చులు భరించమంటే ఆలోచించి చెబుతామంటారు. గల్లీ బడులలో ఇంటర్ చదివిన మన ఆడపిల్లలే టీచర్లుగా పని చేస్తున్నారు. నెలకు వారికి ఇచ్చే జీతం రాయడానికి మాకే సిగ్గుగా ఉంది. ప్రభుత్వ శిక్షణ వారి దాకా రాదు. ఆ బడి యజమాని బస్సు మీద, కరపత్రం మీద స్మార్ట్ క్లాసులు అని అచ్చు వేస్తాడు, ఫీజు పెంచుతాడు. స్మార్ట్ క్లాసు ఉందని చేర్చే తల్లిదండ్రులు, ఆ క్లాసు నడిపే అమ్మాయికి ఎవరు నేర్పారని ఒక్కసారి అడిగితే చాలు, యజమాని ఆలోచనలో పడతాడు.

మైనార్టీ గురుకులాల పరిస్థితి వేరు. తెలంగాణలో 2016లో మొదలైన ఆ వ్యవస్థ 204 పాఠశాలలకు పెరిగింది. ఎందరో పేద పిల్లలకు, ముఖ్యంగా బాలికలకు దారి చూపింది. అక్కడ కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ టీచర్ల సంఖ్య ఎక్కువ. ఈ ఏడాది నేర్చుకున్నవారు వచ్చే ఏడాది ఉంటారో లేదో తెలియదు. ఉద్యోగ భద్రత లేని చోట శిక్షణ మీద పెట్టిన ఖర్చు చిల్లు కుండలో నీరు.

ఉర్దూ మాధ్యమాన్నే ఎత్తివేసి ఇంగ్లీషులో చెబితే ఈ బాధ ఉండదు కదా అని చదువుకున్న మనవారే కొందరు అంటున్నారు. మాధ్యమం ఏదైనా గదిలోకి వెళ్ళేది అదే ఉపాధ్యాయిని. ఇంగ్లీషు వీడియో నడుస్తుంది, పిల్లలు చూస్తారు, ఆమె పక్కన నిలబడుతుంది. భాష మార్చినంత మాత్రాన శిక్షణ లోటు తీరదు; ఉన్న ఒక్క భాష కూడా చేజారుతుంది.

కనుక మేము కోరేది కొత్త తెరలు కాదు. జాతీయ విద్యా విధానం 2020 ప్రతి ఉపాధ్యాయుడు ఏటా కనీసం 50 గంటలు వృత్తి శిక్షణ పొందాలన్నది. ఆ 50 గంటలలో సగమైనా తన బడిలో, తన తెర మీద, తన సబ్జెక్టులో, తన మాధ్యమంలో జరగాలి. బడి వేళలలో జరగాలి, ఆ రోజుకు బదులు టీచరును ఇవ్వాలి. జిల్లా కేంద్రానికి ఉదయం ఆరు గంటలకు బస్సెక్కలేని ఉపాధ్యాయినుల కోసం మండలంలోనే ఏర్పాటు కావాలి. నేర్పినవారు నెల తరువాత మళ్ళీ వచ్చి తరగతిలో వెనుక బెంచీ మీద కూర్చొని చూడాలి, తప్పుపట్టడానికి కాదు, సరిదిద్దడానికి. తెర కొనే ప్రతి టెండరులో శిక్షణకు విడిగా సొమ్ము రాయాలి. అది ఖర్చు కాకుండా సరఫరాదారుకు చివరి బిల్లు చెల్లించరాదు. ఈ ఒక్క షరతు ఫైలులోకి ఎక్కితే ఏమి జరుగుతుందో మాకు తెలుసు: శిక్షణ జరిపించమని కంపెనీవారే అధికారుల చుట్టూ తిరుగుతారు.

ఇది సాధించడానికి మన చేతిలో ఉన్న సాధనం పాఠశాల యాజమాన్య కమిటీ. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది స్త్రీలే. 22వ సెక్షను పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేసే పనిని ఆ కమిటీకే అప్పగించింది. తెలంగాణలో 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలలో కూడా మన తల్లులు ఉన్నారు. ప్రణాళికలో ప్రహరీ గోడ, నీటి ట్యాంకు రాస్తున్నారు, రాయండి. వాటి పక్కనే ఫలానా బడిలో ఇంతమంది టీచర్లు ఉన్నారు, ఇన్ని తెరలు ఉన్నాయి, ఉర్దూలో శిక్షణ పొందినవారు ఇంతమంది, మిగిలినవారికి ఇన్ని రోజుల శిక్షణ కావాలి అని ఒక పేరా రాయించి తీర్మానం చేయించండి. సమాచార హక్కు కింద జిల్లా విద్యాశాఖాధికారికి పది రూపాయల దరఖాస్తు పెట్టి మూడు సంగతులు అడగండి: గత మూడేళ్ళలో ఉర్దూ పాఠశాలలకు వచ్చిన పరికరాలు ఎన్ని, వాటి మీద ఉర్దూలో ఇచ్చిన శిక్షణ దినాలు ఎన్ని, ఆ శిక్షణకు ఖర్చయిన సొమ్ము ఎంత. ముప్పై రోజులలో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు.

తేదీలు ముఖ్యం. సమగ్ర శిక్ష వార్షిక ప్రణాళిక జిల్లాలలో జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో తయారై, రాష్ట్రం గుండా ఢిల్లీలోని ప్రాజెక్టు ఆమోద మండలికి వెళుతుంది. ఒకసారి అక్కడ ఆమోదం పడితే ఆ ఏడాదికి ఒక్క పంక్తి కూడా చేర్చడం కష్టం. ఏప్రిల్‌లో తీసుకెళ్ళిన వినతిపత్రాన్ని ఏ గుమస్తా అయినా వచ్చే ఏడాది ఫైలులోనే పెడతాడు. కమిటీ తీర్మానం డిసెంబరు ముగియకముందే కావాలి. నకలు ఒకటి మండల విద్యాశాఖాధికారికి, ఒకటి జిల్లా కార్యాలయానికి ఇచ్చి, మీ దగ్గర ఉండే నకలు మీద తేదీతో కూడిన ముద్ర వేయించుకొని రండి.